పైచేయి, క్రిందిచేయి

దానము పుణ్యమని పెద్దలు చెప్పిరి, పురాణములు చెప్పినవి, గుడిమెట్లకడ కూర్చున్న యాచకుడును, తన జీవనోపాయము ఆ మాటయందే యున్నది కనుక, అదియే చెప్పుచున్నాడు. అయినను ఒకనికి దానము చేయగలిగినంత ధనము ఎట్లు చేరినది, వేరొకనికి దానమునకై చేయి చాపవలసినంత లేమి ఎట్లు కలిగినది అను ప్రశ్నను ఆ పెద్దలలో పెక్కుమంది అడుగలేదు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకువరకు దానప్రశంసను వాయిదా వేయుడని పట్టుబట్టిన సిద్ధాంతము సామ్యవాదము. దానిని కేవలము అర్థశాస్త్రముగా చదువువారు మిల్లులను, భూములను, కూలిరేట్లను చూతురు. నాకు మాత్రము అది మొదటినుండియు ధర్మశాస్త్రమునకు చెందిన వివాదముగానే తోచును: మనుష్యునికి మనుష్యుడు ఇచ్చునది దయయా, బాకీయా?

ఈ వివాదమును విచారించుటకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణముకంటె తగిన తావు తెలుగునాట మరియొకటి కానరాదు. ఏలయన ఆ ప్రాంగణమే ఒక మహాదానము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను తన పేరిట 1918లో నెలకొల్పిన ఆ విద్యాలయమునకు 1934లో ఆర్ట్సు కళాశాల భవనపు పునాదిరాయి పడెను. బెల్జియము దేశస్థుడైన ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఆ గులాబీవన్నె రాతిసౌధము 1939లో ప్రారంభమయ్యెను. అది నిలిచిన అడిక్‌మెట్ నేలయును ఒకనాటి దానమే: కవయిత్రి మహలఖా బాయి చందాకు ఆసఫ్‌జాహీ దర్బారు అనుగ్రహించిన జాగీరులోనిది. అనగా దానముమీద దానము, అనుగ్రహముమీద అనుగ్రహము. ప్రపంచమున అత్యంత ధనికుడని 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రము వేసిన ప్రభువు విద్యాదానము చేయుట ఆశ్చర్యము కాదు. ఆ ధనము ఏ మరఠ్వాడా జొన్నచేలనుండి, ఏ నల్లగొండ చెలకలనుండి శిస్తుగా ప్రవహించి ఖజానాలో ఇంకినదో ఆ చేల రైతుకు తన బిడ్డను ఆ మెట్లెక్కించు యోగము చాలకాలము పట్టలేదు.

దానమునకు గల మొదటి లక్షణమును కూడ ఆ ప్రాంగణమే చూపెను. 1938లో వసతిగృహములలో వందేమాతరము పాడిన విద్యార్థులను అధికారులు వెలివేసిరి. వందలాది యువకులు పుస్తకములు మూటగట్టుకొని నాగపూరు విశ్వవిద్యాలయమునకు పోవలసివచ్చెను. ఇచ్చినవాడు తీసికొనగలడు, తీసికొన్నప్పుడు పుచ్చుకొన్నవాడు చెప్పుకొనుటకు న్యాయస్థానము లేదు. ఈ చిన్న సత్యమును తెలిసికొన్న తరము సామ్యవాదమువైపు చూచుటలో వింత లేదు.

విచిత్రమేమనగా పాశ్చాత్యదేశములలో సామ్యవాదమునకు ఆద్యులనదగినవారిలో ఒకడు తానే గొప్ప దాత. రాబర్ట్ ఓవెన్ స్కాట్లండులోని న్యూ లానార్క్ నూలుమిల్లుకు యజమాని. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో, చుట్టుప్రక్కల మిల్లులు పసిపిల్లల చేతులను పిండి లాభము తీయుచుండగా, అతడు పనిగంటలు తగ్గించెను, కార్మికులకు శుభ్రమైన ఇండ్లు కట్టించెను, 1816లో వారి బిడ్డలకు బడి తెరచెను. ఐరోపా రాజవంశీయులును మంత్రులును వచ్చి చూచి మెచ్చుకొని పోయిరి, గాని తమ దేశములలో అట్లు చేయలేదు. అప్పుడతడు యజమాని దయమీద లోకము మారదని గ్రహించి, సర్వులును ఉమ్మడిగా శ్రమించి ఉమ్మడిగా అనుభవించు సమాజమును స్థాపింప సంకల్పించి, 1825లో అమెరికాలో న్యూ హార్మొనీ అను పల్లెను కొని తన ధనములో పెద్దభాగమును దానిపై వెచ్చించెను. రెండుమూడేండ్లలో అది కలహములతో చెదరిపోయెను. ఫ్రాన్సులో సెంట్ సైమను, ఫూరియే మొదలైనవారు ఇంచుమించు ఆ కాలముననే తమతమ స్వప్నములను వ్రాయుచుండిరి. ఫూరియే తన ఆదర్శగ్రామమునకు పెట్టుబడి పెట్టు ధనికుడు వచ్చునని ప్రతిదినము మధ్యాహ్నము నిర్ణీతవేళకు ఇంట వేచియుండెడివాడని చెప్పుదురు. ఆ ధనికుడు రాలేదు.

కారల్ మార్క్సు చేసిన మహత్కార్యము, నా దృష్టిలో, ఈ ఎదురుచూపును మాన్పించుట. 1848లో ఏంగెల్సుతో కలిసి ప్రకటించిన కమ్యూనిస్టు ప్రణాళికలో వర్గసంఘర్షణను చరిత్రకు చోదకశక్తిగా నిలిపి, 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటములో దాతృప్రతిగ్రహీతల స్థానములను అతడు తారుమారు చేసెను. కూలివాడు దినమునకు పండ్రెండు గంటలు పనిచేయును. తన కూలికి సరిపడు విలువను అందులో కొన్ని గంటలలోనే సృష్టించును. తక్కిన గంటల శ్రమ యజమానికి ఊరకనే పోవును. ఈ అదనపు విలువయే లాభమునకును, వడ్డీకిని, కౌలుకును మూలము. కనుక యజమాని కూలివానికి బ్రతుకుతెరువు ‘ఇచ్చుచున్నాడు’ అనుట తలక్రిందులు మాట. ఇచ్చుచున్నవాడు కూలివాడే, పుచ్చుకొనుచున్నవాడు యజమాని. ఈ లెక్కలో లోపములున్నవని తరువాతి అర్థశాస్త్రజ్ఞులు వాదించిరి. వారి వాదములో బలము లేకపోలేదు. అయినను విలువ సిద్ధాంతమును త్రోసిపుచ్చినవాడు సహితము ఆ తారుమారును మరచిపోలేడు. ఒకసారి దాత ముఖమునకు వెలుగు ఎక్కడినుండి వచ్చుచున్నదో చూచినవాడు ఆ ముఖమును మునుపటివలె చూడజాలడు. జర్మను సామ్యవాదులలో బెర్న్‌స్టైను 1899లో విప్లవము అక్కరలేదు, సంస్కరణలు చాలుననెను. రోజా లక్సెంబర్గు చాలవనెను. ఇంగ్లండులో ఫేబియనులు ఓటుపెట్టెను నమ్ముకొనిరి. 1917లో రష్యాలో బోల్షెవికులు తుపాకిని నమ్ముకొనిరి. మార్గములలో ఇంత భేదమున్నను, శ్రామికునికి రావలసినది భిక్ష కాదను మాటలో వారికి భేదము లేదు.

ఇక మన మతములు ఈ విషయమున ఏమనుచున్నవి? తెలుగువానికి దానమనగానే బలిచక్రవర్తి జ్ఞప్తికి వచ్చును. పోతన భాగవతమున శుక్రాచార్యుడు వలదని వారించినను బలి వినక, సాక్షాత్తు శ్రీమహావిష్ణువు చేయి క్రిందుగాను తన చేయి పైగాను ఉండు భాగ్యము మరి ఎవనికి లభించునని ఉప్పొంగిపోవును. ఆ పద్యము కంఠస్థము రాని తెలుగు పండితుడుండడు. దానియందలి భక్తిని, త్యాగమును అందరును ప్రశంసింతురు. దానిలో దాగియున్న తర్కమును నేను భయముతో చదువుదును. ఇచ్చువాని చేయి పైది. పుచ్చుకొన్నంతమాత్రముననే భగవంతుని చేయియు క్రిందిదయ్యెను. ఇంక పాలేరు సంగతి చెప్పవలెనా?

అయితే ఆ భాగవతముననే, సప్తమస్కంధమున, నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మము బోధించుచు, కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతవరకే మనుష్యునికి స్వత్వము, అంతకుమించి నాదనువాడు దొంగ, దండనార్హుడు అను భావమును నిస్సంకోచముగా ప్రకటించును. ఇది దానప్రశంస కాదు. ఆస్తిని గూర్చిన తీర్పు. ఖురాను సహితము ధనవంతుని సొత్తులో యాచకునికిని లేనివానికిని హక్కు కలదని చెప్పును. జకాతు దాత ఇష్టమునకు విడిచిన ధర్మము కాదు, చెల్లించవలసిన విధి. కనుక మతములు అన్నియు ధనవంతుని పక్షమని సామ్యవాదులు కొందరు తేల్చివేయుట తొందరపాటు. మతగ్రంథములలో బాకీ భాషయు కలదు, దయ భాషయు కలదు. మఠములును దర్గాలును మొదటిదానిని మడచిపెట్టి రెండవదానిని విప్పి చదివినవి, ఏలయన వాటికి మడిమాన్యములిచ్చినవాడు మొదటిదానిని వినగోరలేదు.

కడుపు నిండుటకు ఎంత కావలెనను ప్రశ్నకు నారదుడు సంఖ్య చెప్పలేదు. ఆ సంఖ్యను వెదకు పని, యాదృచ్ఛికముగానే యైనను, ఉస్మానియా ప్రక్కనున్న తార్నాకలో జరుగుచున్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969నుండి జాతీయ పోషకాహార సంస్థయను పేరు ధరించిన ఆలయము జామై ఉస్మానియా స్టేషనుకు చేరువలో నున్నది. పొలములో దున్నువానికి, గర్భిణికి, బడిపిల్లవానికి ఎన్ని కేలరీలు, ఎంత మాంసకృత్తు కావలెనో అక్కడి శాస్త్రజ్ఞులు తూచి చెప్పుదురు. పల్లెలో దినమునకు 2400, పట్టణమున 2100 కేలరీలు కొనలేనివాడు పేదవాడని 1979లో ప్రణాళికాసంఘపు బృందమొకటి రేఖ గీచినది. అవసరమునుబట్టి ప్రతివానికి అందవలెనని 1875లో మార్క్సు సూచించిన ఉన్నతదశకు ఇంతకన్న మొదటిమెట్టు ఏమి కావలెను? కాని రేఖ గీయుట వేరు, దానిని అందరు దాటునట్లు చేయుట వేరు. మనము చాలకాలము రేఖను అటునిటు జరుపుటయందే ఎక్కువ శ్రమ వెచ్చించితిమి.

పోతన పుట్టిన బమ్మెర నేడు పాలకుర్తి మండలములోని గ్రామము. పాలకుర్తి, శివభక్తులలో కులమెంచరాదని చాటిన సోమనాథుని ఊరు. చాకలి ఐలమ్మ ఊరు కూడ. ఒకే మట్టిలో బలి దానమును, సోమన సమత్వమును, ఐలమ్మ పంటపోరును మొలచుట తలచినప్పుడెల్ల నాకు రోమాంచమగును. ఐలమ్మ కాలమునాటి తెలంగాణ, దానభాషయే నిండిన రాజ్యము. పైకి పోవునది నజరానా, అనగా కానుక; క్రిందికి వచ్చునది ఇనాము, అదియు కానుకయే. దొర ఇంట పెండ్లియైనను చావైనను పల్లె నజరానా చెల్లించవలెను. మాదిగవారు చెప్పులును మోటబొక్కెనలును, కుమ్మరి కుండలును, గౌండ్లవారు కల్లును, చాకలి తన రెక్కలను ఊరకే అర్పించవలెను; ఇంటింటికి ఒకడు వెట్టికి పోవలెను. అది ఆచారమనిరి, మామూలనిరి, సేవయనిరి. కూలి అను మాట మాత్రము ఎవరును అనలేదు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య లెక్కప్రకారము రాజ్యపు భూమిలో నూటికి అరువదివంతులు మాత్రమే ప్రభుత్వపు దివానీ పాలనలో నుండెను. తక్కినది జాగీరులును నిజాము సొంత సర్ఫేఖాసును. ఐలమ్మ కౌలుభూమిలోని పంటను విసునూరు దేశ్‌ముఖు మనుష్యులు కోసికొనిపోవ వచ్చినపుడు ఆంధ్రమహాసభ కార్యకర్తలు నిలిచి ఆ పంటను ఆమె ఇంటికి చేర్చిరి. ఆమె ఎవరిని దయ చూపుడని వేడలేదు. నా పంట నాదనెను. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండ్లకు కూలిన పిమ్మట ఆ వాక్యమునే వేలగ్రామములు ఉచ్చరించెను. 2024లో, ఒకప్పుడు ఉస్మానియాకు అంగమైయుండిన కోఠీ మహిళా విద్యాలయమునకు ప్రభుత్వము ఐలమ్మ పేరు పెట్టినది. బడి మెట్లెక్కని స్త్రీ పేరు విశ్వవిద్యాలయమునకు తగునా యని గొణిగినవారును లేకపోలేదు.

నగరమున ఆ వాక్యమునకు వ్యాఖ్యానము వ్రాసినవారు ఉస్మానియా పట్టభద్రులు. 1940 ప్రాంతమున ఏర్పడిన కామ్రేడ్స్ అసోసియేషనులో మఖ్దూం మొహియుద్దీను, రాజబహదూర్ గౌడు మొదలైన యువకులుండిరి. మఖ్దూము ఆ విశ్వవిద్యాలయముననే యెం.ఏ. చదివి, సిటీ కాలేజిలో అధ్యాపకుడై, ఆ ఉద్యోగమును విడిచి కార్మికసంఘములలోనికి నడచిపోయెను. 1944లో వెలువడిన అతని కవితాసంపుటి ‘సుర్ఖ్ సవేరా’ ఒక తరము ముస్లిం యువకులకు పాఠ్యగ్రంథమయ్యెను. ఆ కూటమివాడే యైన ఆలం ఖుంద్‌మీరి పిమ్మట ఉస్మానియాలో తత్త్వశాస్త్రాచార్యుడై మార్క్సును, ఇక్బాలును, ఇస్లామును, ఐరోపా అస్తిత్వవాదమును ఒకే బల్లపై పరచుకొని ఆలోచించెను. నిజాము దానము చేసిన విద్యతో నిజాము దానమును ప్రశ్నించిన ఇట్టివారిని కృతఘ్నులని నాటి విధేయులు నిందించిరి. కాని ఆ విద్యకు వెల చెల్లించినది ప్రభువు కాడని తెలిసినవానికి కృతజ్ఞత ఎవరియెడ చూపవలెనో కూడ తెలియును.

ఇప్పుడు పోచంపల్లి సంగతి. 1951 ఏప్రిలులో, శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ముగించుకొని, వినోబా భావే రక్తసిక్తమైన తెలంగాణలో పాదయాత్రకు బయలుదేరెను. ఏప్రిలు 18న పోచంపల్లిలో నలుబది హరిజన కుటుంబములవారు ఆయనను కలిసి, నలుబది ఎకరముల తరి, నలుబది ఎకరముల మెట్ట ఇప్పింపుడని కోరిరి. వారు కోరినది ప్రభుత్వమునుండి ఇప్పింపుడనియే. వినోబా ఊరివారివైపు తిరిగి, ప్రభుత్వమునకు వ్రాయుటకు ముందు మీలో ఎవరైన ఇయ్యగలరా యని అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరములు ఇచ్చెను. భూదానోద్యమము పుట్టినది ఆ క్షణముననే. దానిని నేను చిన్నచూపు చూడజాలను: భూమి ఉన్నవాడు భూమిని విడుచుట ఎంత దుర్లభమో మన అన్నదమ్ముల వ్యాజ్యములే చెప్పును. వినోబాయు అమాయకుడు కాడు. దానమనగా భిక్ష కాదు, సమముగా పంచుకొనుట యని ఆయన శంకరాచార్యుని ప్రమాణముగా చూపెను. మీకు ఐదుగురు కొడుకులున్నచో నన్ను ఆరవవానిగా ఎంచి నా పాలు ఇయ్యుడనెను. అనగా దానమును దాయభాగముగా, దయను బాకీగా మార్ప యత్నించెను. ఇంత సూక్ష్మముగా ఆలోచించినవాడు మన సామ్యవాదులలోను అరుదు.

అయినను అక్కడ జరిగిన మార్పిడిని గమనింపవలెను. ఆ నలుబది కుటుంబములు ప్రభుత్వము ఎదుట పౌరులుగా నిలిచి అడిగినవి. తుదకు ఒక భూస్వామి ఎదుట గ్రహీతలుగా నిలిచి పుచ్చుకొన్నవి. భూమి అదియే, ఎకరములు కోరినదానికన్న ఎక్కువే. చేతుల స్థానము మాత్రము మారినది. దేశమంతట ఐదుకోట్ల ఎకరములు సేకరింపవలెనని తలపెట్టగా నలుబదిలక్షలకు పైచిలుకు వచ్చెను. అందు చాలభాగము రాళ్ళనేల, తగాదానేల, పంపకమే కాని నేల. అడుగుటకు హక్కులేని చోట ఇచ్చువాడు తన పొలములో తనకు పనికిరాని చెక్కను చూచి ఇచ్చుట మానవస్వభావము; ఇందుకు రామచంద్రారెడ్డి వంటివారు మినహాయింపులు.

ఇంతవరకు వ్రాసి, సామ్యవాదులకు గెలుపు ప్రకటించి లేచిపోవుట సులభము. కాని ఆ పక్షమున ఒక పెద్ద చీకటి కలదు. తెలంగాణ సాయుధపోరాటకాలమున మూడువేల గ్రామములలో పదిలక్షల ఎకరములు పంచబడినవని సుందరయ్య వ్రాసెను. పంచినది గెరిల్లా దళము. దళము వెడలిపోయిన దినమున, 1948 సెప్టెంబరు నాటి భారత సైనికచర్య పిమ్మట, దొరలు పోలీసుల వెంట తిరిగివచ్చి పెక్కుచోట్ల ఆ భూములను మరల లాగికొనిరి. తుపాకి ఇచ్చిన పట్టాకు తుపాకి ఉన్నంతవరకే విలువ. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను. అంతకు చాలముందే దానిని విరమింతమన్న రావి నారాయణరెడ్డి తన పార్టీలోనే నిందలు మోసెను. ఇక సోవియట్ దేశమున కథ మరింత విషాదకరము. హక్కులను ఇంత వివరముగా లెక్కించిన రాజ్యాంగము మరియొకటి లేదని ఆ దేశము చాటుకొన్న 1936వ సంవత్సరముననే, సంతోషభరితమైన బాల్యము ప్రసాదించినందుకు స్టాలినుకు కృతజ్ఞత చెప్పు పిల్లల చిత్రపటములు గోడల నిండ వెలసినవి. దాతను తొలగించుటకు వచ్చిన సిద్ధాంతము కడపట మహాదాతను సింహాసనమెక్కించెను. బలికి పైచేయి ఒక్క ముహూర్తమే, స్టాలినుకు ముప్పదియేండ్లు.

తెలుగు కమ్యూనిస్టులలో ఉత్తములు ఈ ఉచ్చునుండి తప్పించుకొనిరనిన, అది సిద్ధాంతబలము చేత కాదు, స్వభావబలము చేత. సుందరయ్య తన పేరునుండి రెడ్డి అను తోకను తీసివేసెను. పిత్రార్జితమును పార్టీకి ధారపోసెను. ప్రజాసేవకు ఆటంకమగునని భార్య లీలతో కలిసి సంతానము వలదనుకొనెను. రావి నారాయణరెడ్డి తన భూమిని పంచియిచ్చెను. ఇది దానము కాదా యని అడుగవచ్చును. ఎవరును వారికి చేయి చాపలేదు, వారును ఎవరినుండియు నమస్కారము కోరలేదు. తమది కానిదానిని తిరిగి అప్పగించుచున్నట్లు అప్పగించిరి. నారదుని మాటను ప్రమాణముగా తీసికొన్నచో వారు త్యాగులు కారు, దొంగతనము మానినవారు మాత్రమే. ఈ తీర్పు కఠినమని నాకు తెలియును. సుందరయ్య దీనిని నవ్వుచు అంగీకరించియుండునని నా నమ్మకము.

ప్రభుత్వమునకు ఆస్తి దఖలుపడుటయే సామ్యవాదమనుకొనువారి కొరకు ఒక మాట. 1932లో, కామ్రేడ్స్ అసోసియేషను పుట్టకముందే, నిజాము రాజ్యము 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డురవాణాను తన రైల్వేశాఖకు చేర్చుకొనెను. జాగీర్దారీ రాజ్యమున రాష్ట్రీకరణము! యజమాని పేరు మారిన మాత్రమున చేతుల స్థానము మారదు. ఆ శాఖ వారసత్వముననే నేటి ఆర్టీసీ వచ్చినది. తార్నాకలో దానికొక ఆసుపత్రి కలదు. డిపోనుండి వచ్చిన డ్రైవరు, కండక్టరు తల్లి, మెకానికు బిడ్డ అక్కడ వరుసలో నిలుచుందురు. వారికి అందు మందు ఎవరి ధర్మమును కాదు, ఉద్యోగముతో వచ్చినది, ఆలస్యమైనచో గట్టిగా అడుగుదురు, కసరుకొందురు. ధర్మాసుపత్రిలో రోగి కసరుకొనడు. సామ్యవాదము ఒక గుణమును మనుష్యునికి చేకూర్చగలిగినచో అది ఆ కసరుకొను స్వరమే యని నేను తలంతును. 2019 శరత్తులో యాభైదినములకు పైగా సమ్మె చేసి, జీతములు లేక, చేతికి ఏమియు రాకయే తిరిగి పనిలోనికి పోవలసివచ్చినపుడు ఆ కార్మికులకు ఆ స్వరము ఎంత వెలగలదో తెలిసివచ్చెను.

మన రాజ్యాంగము ఈ విషయమున ఎటునిలిచినదో చెప్పుట కష్టము. 1948లో రాజ్యాంగసభలో కె.టి. షా సామ్యవాదమను పదమును చేర్పబోగా, రేపటి ప్రజలు తమ సమాజమును ఎట్లు తీర్చుకొనవలెనో మనము నేడే శాసింపరాదని అంబేడ్కరు త్రోసిపుచ్చెను. 42వ సవరణము 1976లో దానిని పీఠికలో చేర్చెను. రెండేండ్లకు 44వ సవరణము ఆస్తిని మౌలికహక్కుల జాబితానుండి తొలగించెను. సంపదను సమష్టిహితమునకై పంచవలెనను 39వ అధికరణము ఆదేశసూత్రమే గనుక దానికై న్యాయస్థానమునకు పోరాదని 37వ అధికరణము చెప్పుచున్నది. 2024 నవంబరులో అత్యున్నత న్యాయస్థానము ప్రైవేటు ఆస్తి యంతయు సమాజపు వనరు కాజాలదని ఒక తీర్పులోను, పీఠికలోని ఆ పదము తొలగింప పనిలేదని మరియొక తీర్పులోను చెప్పినది. ఆస్తి మౌలికహక్కు కాదు. దాని పంపకమును అడిగి తెచ్చుకొనదగిన హక్కు కాదు. ఉన్నవాడును లేనివాడును ఇరువురును ప్రభుత్వము వంక చూడవలసినదే.

ఈ అస్పష్టత బియ్యపు గింజలోను బస్సు టికెట్టులోను కానవచ్చును. 1983లో రెండురూపాయల కిలోబియ్యము వచ్చినపుడు దానిని ఒక నాయకుని వరముగా ప్రజలు కొనియాడిరి, పట్టణపు పెద్దమనుష్యులు సోమరితనమునకు మందుపెట్టుచున్నాడని నిందించిరి. 2013 ఆహారభద్రతా చట్టముతో అదే బియ్యము హక్కయ్యెను. ఇయ్యకున్నచో భత్యము చెల్లింపవలెను, ఫిర్యాదు వినుటకు జిల్లాలో అధికారి యుండవలెను. 2023 డిసెంబరునుండి తెలంగాణ ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు టికెట్టు సున్నా. దానిని తప్పుపట్టు పురుషప్రయాణికులలో పెక్కుమంది నామమాత్రపు రుసుముతో ఉస్మానియాలో చదివి, విద్యార్థి పాసుతో అవే బస్సులెక్కి పైకి వచ్చినవారే. అది వారికి ప్రతిభకు దక్కినదిగా తోచును, ఇది ఉచితముగా తోచును. అయితే వారి గొణుగుడులో తెలియకయే ఒక సత్యమున్నది. ఆ సున్నా టికెట్టు వెనుక ప్రభుత్వపు ఉత్తరువు కలదు, చట్టము లేదు. రేపు ఖజానా తరిగినదని ఉపసంహరించినచో అడుగుటకు అధికారి లేడు, పొందుటకు భత్యము లేదు. తార్నాకలో బస్సెక్కి ఆధారుకార్డు చూపు స్త్రీ నేటికిని క్రిందిచేయిగానే యున్నది. ఎవరి అబ్బ సొమ్మని ప్రక్కసీటువాడు అడుగ సాహసించుచున్నది అందువలననే.